పిడుదుల చిట్కాలు అచ్చువేసే ముందు ఒక మనవి

సంపాదకులు గారికి,

నమస్కారం. రెండు వారాల కిందట మీ ఇంటి పేజీలో పెంపుడు జంతువులకు పట్టే పిడుదుల గురించి చిన్న వ్యాసం వేశారు. కర్పూరాన్ని వేపనూనెలో కరిగించి కుక్కకీ పిల్లికీ ఒళ్లంతా పట్టించమన్నారు. తిండిలో వెల్లుల్లి రెబ్బలు నలిపి కలపమన్నారు. యూకలిప్టస్ నూనె రెండు చుక్కలు మెడ వెనక వేయమన్నారు. "అన్నీ సహజమైనవే కాబట్టి ఏ హానీ ఉండదు" అని ముగించారు. ఆ ఆఖరి మాట చదివాక నాకు మనసు ఊరుకోలేదు. అందులో చెప్పిన మొదటి పని నేను ఏడాది కిందట నా చేతులతో చేశాను. మా పిల్లి చావు అంచుదాకా వెళ్లి వచ్చింది. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిక చేసుకుని చదవండి.

నేను 31 ఏళ్లు రక్తపరీక్షల ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. అన్నేళ్లూ మనుషుల రక్తమే చూశాను. ఇంట్లో భీముడనే కుక్క, చిట్టి అనే పిల్లి ఉన్నాయి. వాడికి ఆరేళ్లు, దానికి మూడు. ఇంటి వెనక చిన్న పెరడు, పెరటికి మూడు వైపులా పాత ఇటుక గోడ. భీముడు పగలంతా ఆ గోడ నీడలోనే పడుకునేవాడు. ఈ గోడ సంగతి మళ్లీ వస్తుంది.

ముందు జబ్బుపడింది భీముడు. రెండు రోజులు తిండి ముట్టలేదు. ఒళ్లు కాలిపోతుంటే ఎండదెబ్బేమో అనుకున్నాం. మూడోరోజు పొద్దున వాడు పడుకున్న చోట నేలమీద రక్తపు చుక్కలున్నాయి. చూస్తే ముక్కులోంచి కారుతోంది. పశువైద్యశాలకు తీసుకెళ్తే డాక్టరు గారు ముందు వాడి చెవి మడత తిప్పి చూశారు. లోపల గోధుమరంగు పిడుదులు ఒకదాని పక్కన ఒకటి అతుక్కుని ఉన్నాయి. రోజూ వాడి తల నిమిరేదాన్ని, చెవి లోపల మాత్రం ఏనాడూ చూడలేదు.

రక్తం తీసి ప్లేట్‌లెట్లు లెక్కపెడితే 38 వేలొచ్చాయి. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు సుమారు రెండు లక్షలకు తగ్గకుండా ఉండాలి. నా ఉద్యోగం తెలుసు గనక డాక్టరు గారు నన్ను మైక్రోస్కోప్ దగ్గరికి పిలిచారు. మోనోసైట్ అనే ఒక తెల్లరక్తకణం లోపల ఊదారంగు చుక్కలు చిన్న గుత్తిగా కనిపించాయి. మల్బరీ పండులా ఉంటుందని దాన్ని మోరులా అంటారు. ఎర్లికియా కేనిస్ అనే బాక్టీరియా అది, పిడుదు కాటుతో వస్తుంది. స్లైడు మీద ఇలా కంటికి దొరకడం అరుదని, ఎక్కువసార్లు వేరే పరీక్షలతోనే తేల్చుకోవాల్సి వస్తుందని చెప్పారు. నా సర్వీసులో ఎన్ని వేల స్లైడులు చూశానో లెక్కలేదు. ఏ స్లైడు ముందూ నా కళ్లు తడవలేదు, ఆ రోజు తడిశాయి.

డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 28 రోజులు వేశాం. వాడు కోలుకున్నాడు.

ఆ తర్వాత నాకు పిడుదంటే ఒకటే టెన్షన్. మళ్లీ పట్టకుండా నెలకొకటి వేయమని డాక్టరు గారు మాత్ర రాసిచ్చారు. ఆ రకం మందుల గురించి 2018లో అమెరికాలో మందులను పర్యవేక్షించే ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక ఇచ్చింది. కొన్ని జంతువులకు వాటివల్ల వణుకు, మూర్ఛ రావచ్చని దాని సారాంశం. అది చదివి బెదిరిపోయాను. ఎక్కువ కుక్కలకూ పిల్లులకూ ఆ మందులు క్షేమమేనని, మీ జంతువు సంగతి డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోండని అదే హెచ్చరికలో ఉంది. భయపడ్డ మనిషికి రెండో సగం కంటికి ఆనదు. మాత్రలు అల్మారాలో పెట్టేసి, నేచురల్ దారి ఏదైనా ఉందా అని వెతికాను. అప్పుడే ఫోన్‌లో ఎవరో పంపిన చిట్కా కనపడింది. మీరు వేసిన కర్పూరం, వేపనూనె చిట్కా అదే.

ఒక సాయంత్రం గిన్నెలో కలిపి భీముడికి రాశాను. గిన్నె అడుగున కొంచెం మిగిలితే ఎందుకు పారేయడమని చిట్టికి వీపు మీద, మెడకింద పట్టించాను. పిల్లి తన ఒంటిమీద ఏది పడినా నాకి శుభ్రం చేసుకుంటుంది. దాని తత్వమే అంత. చర్మం మీద రాసిన ప్రతి చుక్కా చివరికి దాని కడుపులోకే పోతుందన్న ఆలోచన నాకు ఒక్క క్షణం కూడా రాలేదు.

గంట గడిచిందో లేదో, సోఫా కింద నుంచి వింత శబ్దం. చూస్తే చిట్టి నోట్లోంచి చొంగ తీగలా సాగి కారుతోంది. బయటికి రమ్మంటే వెనక కాళ్లు నిలవలేదు. చెవులు, మూతి అదురుతున్నాయి. ఫోన్‌లో డాక్టరు గారు మూడు మాటలు చెప్పారు. గోరువెచ్చటి నీళ్లతో, గిన్నెలు తోమే సబ్బునీళ్లు వేసి రాసిందంతా కడిగేయండి. వాంతి చేయించే ప్రయత్నం చేయొద్దు. తువ్వాలులో వెచ్చగా చుట్టి వెంటనే తీసుకురండి. దాన్ని కడుగుతున్నప్పుడు నా చేతుల్లో అది వణుకుతుంటే, ఆ వణుకు దానిదో నాదో తెలియలేదు. రెండు రాత్రులు అక్కడే ఉంచి సెలైన్ ఎక్కించారు. మూడోరోజు నేను వెళ్లేసరికి తల ఎత్తి నా గొంతు వైపు చూసింది.

ఎందుకలా జరిగిందో తర్వాత కూర్చుని తెలుసుకున్నాను. మన కాలేయం కొన్ని పదార్థాలను గ్లూకురోనిక్ ఆమ్లంతో జతచేసి, నీళ్లలో కరిగేలా మార్చి బయటికి పంపేస్తుంది. ఆ పని చేసే ఎంజైములు పిల్లిలో చాలా తక్కువ. అందుకే సుగంధ తైలాల్లో ఉండే చాలా పదార్థాలను అది త్వరగా వదిలించుకోలేదు. అవి ఒంట్లోనే పేరుకుంటాయి. టీ ట్రీ నూనె, లవంగ నూనె, యూకలిప్టస్ నూనె, పెనీరాయల్ అనే ఒక రకం పుదీనా నూనె పిల్లులకు ప్రమాదం. కర్పూరం కుక్కలకు కూడా విషమే, మోతాదు మించితే మూర్ఛ తెప్పిస్తుంది. వేపలో ఉండే అజాడిరక్టిన్ పురుగుల ఎదుగుదలను అడ్డుకుంటుందన్నది నిజం. అంతమాత్రాన వేపనూనెను పిల్లి వీపుమీద ధారాళంగా పోయవచ్చని కాదు. వేప పడక జబ్బుపడిన పిల్లులున్నాయి.

వెల్లుల్లి గురించి ల్యాబ్ మనిషిగా చెప్పాలి. జి6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న మనుషుల రక్తంలో, పడని మందు వేసుకున్నప్పుడు, ఎర్రకణాల లోపల హీంజ్ బాడీలనే చిన్న ముద్దలు ఏర్పడతాయి. ఆ కణాలు ఆ తర్వాత పగిలిపోతాయి. ఉల్లి, వెల్లుల్లి జాతి తిన్న కుక్కల్లో, పిల్లుల్లో సరిగ్గా అదే జరుగుతుంది. పిల్లులకు ఇంకా తక్కువ మోతాదుకే. పైగా వెల్లుల్లి తింటే పిడుదులు దూరం పోతాయనడానికి గట్టి ఆధారమే లేదు. పిడుదుల్లో కొన్ని మోసుకొచ్చే బాబేసియా అనే పరాన్నజీవి కూడా ఎర్రకణాలనే పగలగొడుతుంది. అలాంటి పిడుదుల భయం ఉన్న కుక్కకు మన చేతులతో వెల్లుల్లి పెట్టి ఉన్న రక్తం కూడా తగ్గించడం ఎంత అన్యాయమో ఆలోచించండి.

ఇంకొక్క మాట, ఇది మందుల షాపులో దొరికే వాటి గురించి. పైరెత్రం అనే చామంతి జాతి పువ్వు నుంచి పైరెత్రిన్లు తీస్తారు. వాటిని నమూనాగా పెట్టుకుని ల్యాబ్‌లో చేసిందే పర్మెత్రిన్. కుక్కల మెడమీద వేసే కొన్ని చుక్కల మందుల్లో అది ఉంటుంది. కుక్కకు సరిపడే ఆ మందు పిల్లికి ప్రాణం తీస్తుంది. పువ్వు నుంచి పుట్టిన ఆలోచనే కదా అని ఊరుకోవడానికి లేదు. కుక్కకు ఆ మందు వేస్తే ఆరేదాకా పిల్లిని దాని పక్కన పడుకోనివ్వకూడదు కూడా.

చిట్టిని ఇంటికి తెచ్చే రోజు డాక్టరు గారు నన్నొక ప్రశ్న అడిగారు. "పిడుదులు ఎక్కడుంటాయమ్మా?" కుక్క మీద అన్నాను. "మీ గోడలో ఉంటాయి. కుక్క దగ్గరికి తిండికి మాత్రమే వస్తాయి" అన్నారు.

ఆ ఒక్క మాటతో నాకు దారి కనిపించింది. కుక్కలకు ఎక్కువగా పట్టే గోధుమరంగు పిడుదు బతుకులో నాలుగు దశలుంటాయి. గుడ్డు, ఆరు కాళ్ల పిల్ల, ఎనిమిది కాళ్ల చిన్న పిడుదు, పెద్ద పిడుదు. ఇది పురుగుల జాతి కూడా కాదు, సాలీడు, తేలుకు బంధువు. గుడ్డు దాటాక ప్రతి దశలోనూ కుక్కనెక్కి రక్తం తాగి కింద రాలిపోతుంది. పెద్దదయ్యేదాకా ఏ పగుల్లోనో దూరి కుబుసం విడిచి, మళ్లీ కుక్క కోసం వస్తుంది. కడుపునిండిన ఆడ పిడుదు కింద పడ్డాక గోడెక్కి, సందు చూసుకుని, వేల గుడ్లు పెట్టి చనిపోతుంది. తిండి లేకుండా నెలల తరబడి ఆగగలదు. ఇంటి లోపలే తరాలకు తరాలు పెరిగిపోగలదు. చాలా రకాల పిడుదులకు ఆ శక్తి లేదు, దీనికి ఉంది. అంటే నేను నూనె రాసిన కుక్క ఒంటిమీద ఉన్నవి ఆ ఇంట్లోని పిడుదుల్లో కొన్నే.

ఆ రాత్రి టార్చిలైటు తీసుకుని ఇటుక గోడ దగ్గరికి వెళ్లాను. మోకాలెత్తు దాకా సిమెంటు రాలిన సందుల్లో చీకటి చుక్కల్లా కూర్చుని ఉన్నాయి. ఒక సందులో ఆవగింజలకన్నా సన్నటి గోధుమరంగు గుడ్ల కుప్ప. పెరటి తలుపు చట్రం వెనక, భీముడి పాత గోనెపట్టా మడతల్లో, నేలా గోడా కలిసే మూలలో కూడా ఉన్నాయి. ఆ గోడకు ఆనుకునే వాడు మూడేళ్లుగా పడుకున్నాడు.

మర్నాటి నుంచి చేసిన పని చెబుతాను. ఇందులో అద్భుతమేమీ లేదు, చాకిరీ ఉంది. నిజంగా సహజమైన దారి అంటూ ఉంటే అది ఇదేనని నా నమ్మకం.

గోనెపట్టా తీసి తగలబెట్టాం. దాని బదులు ఉతకడానికి వీలైన నూలు పరుపు కుట్టాను. వారానికోసారి బాగా వేడినీళ్లలో, అంటే 60 డిగ్రీల దగ్గర, ఉతికి ఎర్రటి ఎండలో ఆరేస్తాను. గోడ సందులను గట్టి బ్రష్షుతో గీకి, రాలినవాటిని సబ్బునీళ్ల బకెట్‌లోకి తోశాం. సబ్బునీళ్లలో పడ్డాయి కదా అని వదలకూడదు, పిడుదులు నీళ్లలో చాలాసేపు బతుకుతాయి. అందుకే రాత్రంతా మూతపెట్టి ఉంచాను. ఆ తర్వాత మా అబ్బాయి రెండు ఆదివారాలు కూర్చుని ప్రతి సందునూ సిమెంటుతో పూడ్చాడు. తలుపు చట్రం చుట్టూ పుట్టీ పెట్టాడు. పిడుదులకు ఇల్లు లేకుండా చేసింది ఆ సిమెంటే. ఈ మొత్తం యుద్ధంలో ఏ పని ఎక్కువ ఫలితం ఇచ్చిందని అడిగితే ఆ రెండు ఆదివారాల పని అంటాను.

పెరట్లో గడ్డి చీలమండ కిందికి కోసేశాం. ఎండుటాకుల కుప్ప, మూల పడేసిన కర్రలు తీయించాం. నీడ ఎక్కువైన కొమ్మలు కొట్టించి ఎండ నేలకు తగిలేలా చేశాం. ఆరుబయట ఉండే చాలా రకాల పిడుదులు తేమ లేకపోతే ఎండిపోయి చస్తాయి. అవి ఎగరవు, గెంతవు, చెట్ల మీద నుంచి దూకవు. గడ్డిపరక కొసకెక్కి ముందు కాళ్లు చాచి ఎదురుచూస్తాయి. మన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును పసిగట్టే అవయవం ఆ ముందు కాళ్లలోనే ఉంది. అందుకే పొదలున్న వైపు నుంచి పెరట్లోకి రాకుండా మధ్యలో మూడడుగుల వెడల్పున కంకర గానీ చెక్కపేళ్లు గానీ పరవమని అమెరికాలో జబ్బుల నివారణ చూసే సీడీసీ అనే సంస్థ సూచిస్తుంది. మేము కంకర పోశాం. అయితే గడ్డి కోసేశాం కదా అని నిశ్చింతగా ఉండకూడదు. గోధుమరంగు కుక్క పిడుదు పొడి వాతావరణాన్ని మిగతావాటికన్నా బాగా తట్టుకుంటుంది. దానికి గడ్డికన్నా గోడే ముఖ్యం.

రోజూ రాత్రి మా మనవరాలు, నేను భీముడి ఒళ్లు వెతుకుతాం. చెవుల లోపల, కనురెప్పల అంచులు, మెడపట్టీ కింద, చంకలు, వేళ్ల సందులు, తోక మొదలు. పాప నోటుపుస్తకంలో లెక్క రాస్తుంది. మొదటిరోజు 31. వారం తర్వాత 19. గోడ పూడ్చాక 6. ఆ తర్వాత రెండు నెలలకు సున్నాలు మొదలయ్యాయి. వానలు పడ్డాక ఒక రోజు 2 వచ్చాయి, ఆ రోజు మళ్లీ టార్చి తీశాం.

పీకే పద్ధతి కూడా ఇక్కడే చెప్పనివ్వండి, ఎందుకంటే మీ వ్యాసంలో కిరోసిన్ చుక్క వేస్తే అదే ఊడిపోతుందని రాశారు. దయచేసి అది ఎవరూ చేయకూడదు. కిరోసిన్ పోసినా, అగ్గిపుల్లతో కాల్చినా, నూనె పూసినా, ఆ బాధకు పిడుదు తన కడుపులోదీ లాలాజలమూ గాయంలోకే కక్కవచ్చు. జబ్బు క్రిములు ఉండేది అక్కడే. సన్నమొన పట్టకారుతో చర్మానికి వీలైనంత దగ్గర, దాని తల భాగం పట్టుకుని, మెలితిప్పకుండా, కుదపకుండా నిదానంగా పైకి లాగాలి. పొట్టను నొక్కకూడదు. వేళ్లతో చిదమకూడదు. తీసినదాన్ని స్పిరిట్ ఉన్న సీసాలో వేసి, కరిచిన చోటు, మన చేతులు సబ్బుతో కడుక్కోవాలి. నోటి ముక్క చర్మంలో ఉండిపోతే సూదితో కెలకొద్దు, చర్మమే కొన్నాళ్లకు తోసేస్తుంది.

చేత్తో ఏరడం చిన్న పనిగా చూసేవాళ్లకు ఒక పాత సంగతి చెప్పాలని ఉంది. పశువుల్లో వచ్చే టెక్సాస్ జ్వరానికి పిడుదే కారణమని థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ అనే అమెరికా పరిశోధకులు 1893లో ప్రకటించారు. అంతకుముందు కొన్నేళ్లు వాళ్లు చేసిన ప్రయోగాల్లో ఒకటి ఏమిటంటే, జ్వరం మోసుకొచ్చే పశువుల ఒంటిమీది పిడుదులను చేత్తో ఏరేసి, ఆ తర్వాత వాటిని ఆరోగ్యంగా ఉన్న పశువులతో కలిపి ఉంచారు. ఆరోగ్యంగా ఉన్నవాటికి జబ్బు రాలేదు. పిడుదులు ఏరనివాటితో కలిపినచోట వచ్చింది. కాళ్లున్న ఒక చిన్న జీవి ఒక జంతువు నుంచి ఇంకొక జంతువుకు జబ్బు మోస్తుందని అంత స్పష్టంగా తేలిన తొలి సందర్భాల్లో అదొకటి. రాత్రిపూట భీముడి చెవులు వెతుకుతున్నప్పుడు నాకు ఆ ఇద్దరే గుర్తుకొస్తారు.

ఇక ఫ్లీలు. గెంతే ఆ చిన్న నల్లటి పురుగులను మీ వ్యాసం పిడుదులతో కలిపేసింది. రెండిటి నడతా వేరు. ఫ్లీ పెద్దయ్యాక జంతువు మీదే ఉండిపోతుంది, రోజుకు 40, 50 గుడ్ల దాకా పెడుతుంది. ఆ గుడ్లకు జిగురుండదు. పిల్లి ఎక్కడ పడుకుంటే అక్కడ, ఎక్కడ గెంతితే అక్కడ రాలిపోతాయి. ఫ్లీలు పట్టిన ఇంట్లో కంటికి కనిపించే పెద్ద పురుగులు మొత్తంలో సుమారు నూటికి 5 మాత్రమేనని, మిగతా 95 గుడ్లు, పిల్ల పురుగులు, గూళ్ల రూపంలో తివాచీల్లో, పరుపుల్లో, నేల సందుల్లో ఉంటాయని పశువైద్యులు లెక్క చెబుతారు. పిల్ల పురుగులు వెలుతురు అంటే పారిపోతాయి. పెద్ద ఫ్లీలు విసర్జించిన ఎండు రక్తమే వాటి తిండి.

ఫ్లీలున్నాయో లేదో తెలుసుకోవడానికి తెల్ల కాగితం చాలు. పిల్లిని కాగితం మీద నిలబెట్టి పేల దువ్వెనతో దువ్వితే నల్లటి పొడి రాలుతుంది. దానిమీద నీటిచుక్క వేయండి. మట్టయితే మట్టిలాగే ఉంటుంది. ఫ్లీ మలమైతే ఎర్రగా కరుగుతుంది, అది జీర్ణమైన రక్తం గనక. చిట్టి కింద పెట్టిన కాగితం మీద ఆ ఎరుపు చూసినప్పుడు, నా పాత ల్యాబ్ బల్ల ముందు కూర్చున్నట్టే అనిపించింది. దువ్వెనకు చిక్కిన ఫ్లీలను సబ్బునీళ్ల గిన్నెలో ముంచితే మునిగి చస్తాయి. మామూలు నీళ్లయితే పైన తేలి మళ్లీ గెంతుతాయి. తోక మొదట్లో వెంట్రుకలు రాలడం, అదేపనిగా కొరుక్కోవడం కనిపిస్తే ఫ్లీ కాటు పడక వచ్చిన అలర్జీ కావచ్చు. మలద్వారం దగ్గర దోసగింజల్లాంటి తెల్లటి ముక్కలు కనిపిస్తే, ఫ్లీని మింగడం వల్ల బద్దెపురుగు పట్టిందని అర్థం. ఇవి రెండూ డాక్టరు చూడాల్సినవి.

ఫ్లీలకు చీపురు, వాక్యూమ్ క్లీనర్ గొప్ప ఆయుధాలు. ఓహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 2007లో ప్రచురించిన పరిశోధనలో వాక్యూమ్ క్లీనర్‌లోకి లాగిన పెద్ద ఫ్లీలలో నూటికి 96 చచ్చిపోయాయి, పిల్ల పురుగులు, గూళ్లు అన్నీ పోయాయి. మేము మొదటి నెల రోజు విడిచి రోజు సోఫా సందులు, మంచాల కింద లాగేవాళ్లం. ఇలా వారాల తరబడి చేయడానికి కారణం ఆ గూళ్లే. గూట్లో ఉన్న ఫ్లీ నెలల పాటు కదలకుండా ఆగి, అడుగుల అదురు, ఒంటి వేడి తగిలినప్పుడు ఒక్కసారిగా బయటికి దూకుతుంది. చాలాకాలం తాళం వేసి ఉన్న ఇంట్లో అడుగుపెట్టగానే కాళ్లకు ఫ్లీలు ఎగబడేది అందుకే. పది రోజులు ఊడ్చి, పోయాయనుకుని ఆపేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

డయాటోమేషియస్ ఎర్త్ అనే తెల్ల పొడి గురించి నన్ను చాలామంది అడిగారు. అతి సూక్ష్మమైన నీటి జీవుల సిలికా పెంకుల పొడి అది. పురుగు ఒంటిమీది మైనపు పొరను పీల్చేసి దాన్ని ఎండబెడుతుంది. పొడిగా ఉన్న సందుల్లో పనిచేస్తుంది, తడిస్తే పనిచేయదు. దుమ్ము మాత్రం ఊపిరితిత్తులకు మంచిది కాదు, జంతువు ఒంటిమీద చల్లకూడదు. నేను మాస్కు కట్టుకుని ఒకసారి గడప సందులో వేసి మానేశాను. తేమగా, నీడగా ఉండే మట్టిలో ఫ్లీల పిల్ల పురుగులను తినే స్టైనర్‌నీమా కార్పోకాప్సే అనే సూక్ష్మమైన నెమటోడ్లు, అంటే నులిపురుగుల్లాంటి జీవులు, కూడా ఉన్నాయి. ఎండకు అవి బతకవు, మట్టి తడిగా ఉంచాలి. వెనిగర్ తాగించడం వల్ల పిడుదులు, ఫ్లీలు పోతాయనడానికి ఆధారం లేదు.

చివరగా, అల్మారాలో పెట్టేసిన ఆ మాత్రల సంగతి. భీముడికి ఇప్పుడు వేస్తున్నాను. వాడికి ఎప్పుడూ మూర్ఛ రాలేదు కదా అని డాక్టరు గారు అడిగి, బరువు చూసి మళ్లీ రాశారు. చిట్టికి పిల్లుల కోసమే చేసిన చుక్కల మందు, దాని బరువుకు తగ్గది. ఇంత చాకిరీ చేస్తూ మళ్లీ మందెందుకని మా కోడలు అడిగింది. ఎర్లికియా క్రిమి పిడుదు కరిచిన కొన్ని గంటల్లోనే ఒంట్లోకి చేరగలదు. రాత్రి తొమ్మిదింటికి మేము చెవులు వెతికేలోపు, పొద్దున కరిచిన పిడుదు తన పని ముగించి ఉండవచ్చు. గోడ పూడ్చడం వల్ల అలాంటి పిడుదులు తగ్గాయి. తగ్గించలేకపోయినవాటికి మందు కావాలి. మందు ఒక్కటే వేసి గోడను వదిలేస్తే అక్కడ పుట్టేవి పుడుతూనే ఉంటాయి. నాకు రెండూ కావాలి.

అయ్యా, మీరు పాఠకులకు మేలు చేయాలనే ఆ వ్యాసం వేశారని నాకు తెలుసు. పత్రికలో చదివిన చిట్కాను కత్తిరించి ఫ్రిజ్ తలుపుకు అంటించుకునే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. మాదీ అలాంటి ఇల్లే. అందుకని నా మనవి ఇది. అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో ఒక దిద్దుబాటు వేయండి. పిల్లికి కర్పూరం, సుగంధ తైలాలు పూయొద్దని, కుక్కకైనా పిల్లికైనా వెల్లుల్లి పెట్టొద్దని, పిడుదు మీద కిరోసిన్ పోయొద్దని ఆ మూడు ముక్కలు రాస్తే చాలు. ఇప్పటికే ఆ నూనె పూసేసినవాళ్లు గిన్నెల సబ్బుతో కడిగి వెంటనే డాక్టరుకు ఫోన్ చేయాలని కూడా ఒక వాక్యం చేర్చండి. ఇకముందు ఇలాంటి చిట్కా వేసేటప్పుడు అది కుక్కకా పిల్లికా, ఎంత మోతాదు, ఏ వయసులోపు వాడకూడదు అన్నది ఒక పశువైద్యుడికి చూపించి వేయండి. దిద్దుబాటు వచ్చే ఆదివారం లోపే వస్తే మంచిది. ఆ వ్యాసం చదివి ఈ పాటికే ఎవరింట్లోనో కర్పూరం కరుగుతూ ఉండవచ్చు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్